హిమసంపాతాలు: మంచు దొంతర స్వభావం, ప్రమాద అంచనా

పాఠ్య నిర్మాణం

9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 హిమసంపాతాలు – రకాలు
9.3 మంచు దొంతర – బలహీన పొరలు
9.4 వాలు, గాలి, ప్రేరణ
9.5 హిమాలయాల్లో మంచు మండలాలు
9.6 ప్రమాద సూచనలు – ప్రమాద స్థాయిలు
9.7 మానవ కారకం
9.8 మంచులో కూరుకుపోయినవారు – రక్షణ
9.9 నివారణ చర్యలు
9.10 సారాంశం
9.11 నమూనా సమాధానాలు
9.12 పదకోశం
9.13 నమూనా పరీక్ష ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ పాఠాన్ని చదివిన తరువాత మీరు:

• హిమపాతానికి, హిమసంపాతానికి మధ్య తేడాను చెప్పగలుగుతారు.
• మంచు దొంతరలో బలహీన పొరలు ఎలా ఏర్పడతాయో వివరించగలుగుతారు.
• ఉష్ణోగ్రతా ప్రవణతను లెక్కించి, దాని ప్రభావాన్ని తెలపగలుగుతారు.
• ఒక మంచు వాలు ప్రమాదకరమైనదా కాదా అని అంచనా వేయడానికి ఏ విషయాలను పరిశీలించాలో పేర్కొనగలుగుతారు.

9.1 పరిచయం

తెలుగులో 'మంచు' అనే ఒకే మాటను మనం చాలా అర్థాల్లో వాడతాం. సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున రోడ్డు కనపడకుండా కమ్ముకునేదీ మంచే. గడ్డి కొనల మీద మెరిసే నీటి బొట్లూ మంచే. ఫ్రిజ్‌లో పేరుకునేదీ మంచే. ఈ పాఠంలో మాత్రం మంచు అంటే మేఘాల నుంచి స్ఫటికాల రూపంలో నేల మీదికి రాలే మెత్తటి, తెల్లటి పదార్థం. అలా రాలడాన్ని హిమపాతం అంటారు. కొండ వాలు మీద పేరుకున్న మంచు ఒక్కసారిగా తెగి కిందికి దూసుకుపోవడాన్ని హిమసంపాతం అంటారు. 'మంచు చరియలు విరిగిపడ్డాయి' అని పత్రికల్లో మీరు చదివేది దీని గురించే. కొన్ని వార్తల్లో రెండింటికీ హిమపాతం అనే మాటనే వాడుతుంటారు కాబట్టి, చదివేటప్పుడు ఈ తేడాను గుర్తుంచుకోండి.

2025 ఫిబ్రవరి 28 తెల్లవారుజామున ఉత్తరాఖండ్‌లోని చమోలీ జిల్లాలో, బదరీనాథ్‌కు ఎగువన ఉన్న మాణా గ్రామం దగ్గర, సరిహద్దు రహదారుల సంస్థ పనుల్లో ఉన్న కార్మికుల శిబిరం మీద హిమసంపాతం విరుచుకుపడింది. 54 మంది చిక్కుకున్నారు. 46 మందిని కాపాడగలిగారు, 8 మంది మరణించారు. ఆ జిల్లాకు హిమసంపాత హెచ్చరిక ముందు రోజు సాయంత్రమే జారీ అయింది.

2022 అక్టోబర్ 4న ఉత్తరకాశీ జిల్లాలోని ద్రౌపదీ కా దండా-2 శిఖరం దగ్గర నెహ్రూ పర్వతారోహణ సంస్థ శిక్షణ బృందం ఇలాంటి ప్రమాదంలోనే చిక్కుకుంది. 27 మృతదేహాలు దొరికాయి, ఇద్దరి ఆచూకీ దొరకలేదు. వారు దారి తప్పిన యాత్రికులు కారు. పర్వతారోహణలో ఉన్నత శిక్షణ పొందుతున్నవారు, వారికి శిక్షణ ఇస్తున్నవారు.

ఈ రెండు సంఘటనలూ ఒక ప్రశ్నను మన ముందు ఉంచుతాయి. హెచ్చరిక ఉన్నా, అనుభవం ఉన్నా ఈ ప్రమాదాన్ని పసిగట్టడం ఎందుకంత కష్టం? దీనికి జవాబు మంచు పైభాగంలో లేదు, లోపలి పొరల్లో ఉంది. కంటికి కనిపించే మంచు ఎంత ఉందనే దానికంటే, అది ఏ పొర మీద కూర్చుని ఉందనేది ముఖ్యం. ఈ పాఠమంతటా మీరు ఈ విషయాన్ని మనసులో ఉంచుకోవాలి.

9.2 హిమసంపాతాలు – రకాలు

తెగిపోయే తీరును బట్టి హిమసంపాతాలను ప్రధానంగా రెండు రకాలుగా విభజిస్తారు.

*1. విడి మంచు హిమసంపాతం:* ఇది ఒక బిందువు దగ్గర మొదలవుతుంది. కుప్ప పోసిన ఇసుక మీద పైనుంచి ఒక రాయి దొర్లితే ఇసుక ఎలా జారుతుందో, అలాగే కొన్ని మంచు రేణువులు జారి, పక్కనున్న రేణువులను కలుపుకుంటూ కిందికి పోతాయి. పైన సన్నగా, కింద వెడల్పుగా ఉండే తలకిందులైన 'వి' ఆకారం దీని గుర్తు. ఇవి చాలావరకు చిన్నవి. అయితే మనిషిని లోయ అంచుకు నెట్టగలిగితే చిన్నది కూడా ప్రాణాంతకమే.

*2. పలక హిమసంపాతం:* ఇందులో రేణువులు ఒక్కొక్కటిగా జారవు. ఒకదానికొకటి అతుక్కున్న మంచు పొర మొత్తం ఒక పలకలా, వాలుకు అడ్డంగా నిట్టనిలువు గీతలో తెగి జారుతుంది. పర్వతాల్లో సంభవించే మరణాల్లో అత్యధిక భాగం వీటి వల్లే. మనిషి పలక అంచున కాక దాని మధ్యలో ఉండగా అది తెగుతుంది. తెగిన గీత తరచుగా అతనికి పైన ఉంటుంది. అందువల్ల తప్పించుకునే వీలు చాలా తక్కువ.

ఒక చిన్న లెక్క చూడండి. 50 మీటర్ల పొడవు, 50 మీటర్ల వెడల్పు, అర మీటరు మందం గల పలక పరిమాణం 1,250 ఘనపు మీటర్లు. కొద్దిగా గట్టిపడిన మంచు సాంద్రత ఘనపు మీటరుకు 200 కిలోలు అనుకుంటే, దాని బరువు 2,50,000 కిలోలు, అంటే 250 టన్నులు. పది టన్నుల లారీలు 25 ఒకేసారి వాలు మీదికి వచ్చినట్లు. పర్వతాల్లో దీన్ని చిన్న పలక కిందే లెక్కిస్తారు.

తేమను బట్టి వీటిని పొడి, తడి హిమసంపాతాలుగా కూడా విభజిస్తారు. పొడి మంచు పలకలు గంటకు 100 కిలోమీటర్లకు పైగా వేగాన్ని అందుకుంటాయి. ధూళి మేఘంలా లేచే పెద్ద హిమసంపాతాల వేగం ఇంకా ఎక్కువ. తడి మంచు నెమ్మదిగా, తడి సిమెంటులా కదులుతుంది, కానీ దాని బరువు ఎక్కువ.

*గమనిక:* 2021 ఫిబ్రవరి 7న చమోలీ జిల్లాలోని రిషిగంగ లోయలో జరిగిన విపత్తు మంచు పలక జారడం వల్ల జరిగింది కాదు. రోంటీ శిఖరం నుంచి శిల, హిమానీ మంచు కలిసి విరిగిపడటం వల్ల జరిగింది. దాన్ని శిలా-హిమ సంపాతంగా వర్గీకరించాలి.

9.3 మంచు దొంతర – బలహీన పొరలు

శీతాకాలంలో మంచు ఒకేసారి పడదు. ఒక తుఫానులో కొంత పడుతుంది, తరువాత కొన్నాళ్లు ఎండ కాస్తుంది, మళ్లీ పడుతుంది. ప్రతి విడతా ఒక పొరగా మిగులుతుంది. అటకమీద ఒకదానిపై ఒకటిగా పేర్చిన కుండల దొంతరను గుర్తు తెచ్చుకోండి. ఏ కుండ పగిలినా పైనున్నవన్నీ కూలతాయి. మంచు పొరల ఈ అమరికను మంచు దొంతర అంటారు. డిసెంబరులో పడిన మంచు ఫిబ్రవరిలో కంటికి కనపడదు గానీ, అది దొంతర అడుగున అలాగే ఉంటుంది.

పలక హిమసంపాతం జరగాలంటే దొంతరలో మూడు ఉండాలి: పైన అతుక్కుని ఉన్న పలక, దాని కింద బలహీన పొర, ఆ రెండూ జారడానికి అడుగున ఒక తలం. ఒక చెక్క మీద ఆవాలు పరిచి, వాటి మీద మరో చెక్క పెట్టి వంచితే ఏమవుతుందో ఊహించండి. పై చెక్క ఎంత గట్టిదైనా జారకుండా నిలవదు. మంచు దొంతరలో ఆ ఆవాల పాత్రను పోషించే పొరలు ముఖ్యంగా మూడు.

9.3.1 అడుగు తుషారం

నేల దగ్గర మంచు ఉష్ణోగ్రత సాధారణంగా సున్నా డిగ్రీలకు దగ్గరగా ఉంటుంది. మంచు మంచి ఉష్ణబంధకం కావడమే దీనికి కారణం. పైభాగం మాత్రం రాత్రి చలికి బాగా చల్లబడుతుంది. ఈ తేడా వల్ల అడుగున ఉన్న నీటి ఆవిరి రేణువుల మధ్య ఖాళీల్లోంచి పైకి ప్రయాణిస్తూ, చల్లని రేణువుల మీద తిరిగి గడ్డకడుతుంది. అలా గడ్డకట్టేటప్పుడు గుండ్రటి రేణువులు పోయి, కోణాలు, అంచులు గల పెద్ద స్ఫటికాలు తయారవుతాయి. చేతిలోకి తీసుకుంటే ఇవి పంచదారలా జలజల రాలిపోతాయి, ముద్ద కట్టవు. దీన్ని ఆంగ్లంలో డెప్త్ హోర్ అంటారు.

ఈ మార్పు ఎప్పుడు జరుగుతుందో తెలుసుకోవడానికి ఉష్ణోగ్రతా ప్రవణతను లెక్కిస్తారు. మంచు అడుగు, పైభాగాల ఉష్ణోగ్రతల తేడాను దొంతర మందంతో భాగిస్తే అది వస్తుంది. మీటరుకు సుమారు 10 డిగ్రీలు దాటితే కోణాల స్ఫటికాలు పెరుగుతాయి. అంతకంటే తక్కువైతే రేణువులు గుండ్రబడి, ఒకదానితో ఒకటి అతుక్కుని బలపడతాయి.

*ఉదాహరణ:* రెండు చోట్ల నేల దగ్గర 0 డిగ్రీలు, మంచు పైభాగాన మైనస్ 15 డిగ్రీలు ఉన్నాయి.

మొదటి చోట మంచు మందం 60 సెం.మీ.: 15 ÷ 0.6 = మీటరుకు 25 డిగ్రీలు.
రెండో చోట మంచు మందం 250 సెం.మీ.: 15 ÷ 2.5 = మీటరుకు 6 డిగ్రీలు.

రెండు చోట్లా చలి ఒకటే. అయినా పలచటి మంచులో బలహీన పొర పెరుగుతోంది, మందపాటి మంచు బలపడుతోంది. 'ఈ ఏడాది మంచు తక్కువ పడింది కాబట్టి ప్రమాదం తక్కువ' అనుకోవడం ఎందుకు పొరపాటో ఈ లెక్క చెబుతుంది. ఆరంభంలో పలచగా పడి, వారాల తరబడి చలిలో మిగిలిన మంచు మీద ఆ తరువాత పెద్ద తుఫాను వస్తే, అదే అత్యంత ప్రమాదకరమైన దొంతర.

9.3.2 ఉపరితల తుషారం

ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి లేని రాత్రి మన ఊళ్లలో గడ్డి మీద మంచు బిందువులు పడతాయి కదా. అలాంటి రాత్రే, ఉష్ణోగ్రత సున్నాకు దిగువన ఉన్నప్పుడు, గాలిలోని ఆవిరి మంచు ఉపరితలం మీద నేరుగా ఈకల్లాంటి స్ఫటికాలుగా గడ్డకడుతుంది. పొద్దుటి ఎండలో తళతళలాడే ఈ స్ఫటికాలు ఉపరితలం మీద ఉన్నంతసేపూ హాని చేయవు. అవి కరిగిపోకుండా, గాలికి చెదరకుండా ఉండగానే వాటి మీద కొత్త మంచు పడితే, నిలబెట్టిన చీట్ల పేక మీద బరువు పెట్టినట్లవుతుంది. పూడిపోయిన ఈ పొర కొన్ని మిల్లీమీటర్లే ఉండవచ్చు. అయినా వారాల తరబడి ప్రమాదకరంగా మిగులుతుంది.

9.3.3 గట్టి పెంకు, దాని చుట్టూ ఉన్న పొరలు

ఎండకు లేదా వానకు మంచు పైభాగం కరిగి, రాత్రి తిరిగి గడ్డకడితే నున్నటి పెంకు ఏర్పడుతుంది. దాని మీద పడిన కొత్త మంచుకు పట్టు దొరకదు. పెంకును ఆనుకుని కోణాల స్ఫటికాలు కూడా పెరుగుతాయి. కాబట్టి పెంకు గట్టిదైనా, దాని చుట్టుపక్కల బలహీనతకు అవకాశం ఉంది.

చేసి చూడండి

ఒక వెడల్పాటి చెక్క పలక మీద ముతక గుడ్డ పరిచి, దాని మీద పలచగా పంచదార చల్లండి. దాని మీద గోధుమపిండిని రెండు అంగుళాల మందాన జల్లించి, అరచేతితో మెల్లగా అదమండి. చెక్క ఒక అంచును నెమ్మదిగా ఎత్తండి. పిండి పగులు తీసి ఎంత కోణం దగ్గర ముక్కగా జారుతుందో కోణమానినితో కొలవండి. తరువాత పంచదార లేకుండా ఇదే ప్రయోగం చేసి, రెండు కోణాలను పోల్చండి. ఇక్కడ పలక ఏది? బలహీన పొర ఏది? మీ నోటుపుస్తకంలో రాసుకోండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – I

1. విడి మంచు హిమసంపాతానికి, పలక హిమసంపాతానికి ముఖ్యమైన తేడా ఏమిటి?
2. నేల దగ్గర 0 డిగ్రీలు, పైభాగాన మైనస్ 12 డిగ్రీలు, మంచు మందం 80 సెం.మీ. ఉన్న చోట ఉష్ణోగ్రతా ప్రవణత ఎంత? ఆ మంచు బలపడుతుందా, బలహీనపడుతుందా?

9.4 వాలు, గాలి, ప్రేరణ

బలహీన పొర ఉన్నంత మాత్రాన హిమసంపాతం జరగదు. దానికి తగిన వాలు కావాలి, ఏదో ఒక ప్రేరణ కావాలి.

*వాలు కోణం:* పలక హిమసంపాతాల్లో అధిక భాగం 30 నుంచి 45 డిగ్రీల వాలుల మీద మొదలవుతాయి. 30 డిగ్రీలకు తక్కువైతే గురుత్వ బలం సాధారణంగా చాలదు. మరీ నిటారుగా ఉంటే మంచు ఎక్కువగా పేరుకోక ముందే కొద్దికొద్దిగా జారిపోతుంది. నడవడానికి, స్కీయింగ్‌కు అందరూ ఇష్టపడే వాలులు ఈ మధ్యనే ఉండటం ఇక్కడి ఇబ్బంది. అందుకే అనుభవజ్ఞులు కంటి అంచనాను నమ్మరు, కోణమానినితో కొలుస్తారు.

మీరు నిలబడిన నేల చదునుగా ఉన్నంత మాత్రాన సురక్షితం కాదు. హిమసంపాతానికి ప్రారంభ మండలం, ప్రవాహ మార్గం, నిక్షేప మండలం అని మూడు భాగాలు ఉంటాయి. రహదారులు, శిబిరాలు, ఊళ్లు సాధారణంగా నిక్షేప మండలంలో, అంటే లోయ అడుగున ఉంటాయి. తల పైకెత్తి, 'నా పైన ఏ వాలు ఉంది?' అని అడగడం మొదటి జాగ్రత్త.

*గాలి:* గాలి ఒక వైపు నుంచి మంచును ఎత్తుకుపోయి, శిఖర రేఖ దాటాక గాలి చాటు వాలు మీద పోస్తుంది. ఆకాశం నుంచి మంచు పడకపోయినా గాలి ఒక్కటే కొన్ని గంటల్లో మందపాటి పలకను తయారు చేయగలదు. శిఖర రేఖ అంచున ఇంటి చూరులా ముందుకు వేలాడే మంచు చూరు ఏర్పడుతుంది. మంచు చూరు ఉన్న వైపే గాలి చాటు వైపు అని గుర్తించవచ్చు.

*ఎండ:* ఉత్తరార్ధగోళంలో దక్షిణం వైపు వాలులకు ఎండ ఎక్కువగా తగులుతుంది. మార్చి, ఏప్రిల్ మధ్యాహ్నాల్లో ఇక్కడ తడి హిమసంపాతాలు ఎక్కువ. ఉత్తరం వైపు వాలులు నీడలో చల్లగా ఉండటం వల్ల బలహీన పొరలు అక్కడ ఎక్కువ కాలం నిలుస్తాయి.

*ప్రేరణ:* కొత్త మంచు బరువు, గాలి తెచ్చిన మంచు, వాన, ఉష్ణోగ్రత పెరుగుదల – ఇవి సహజ ప్రేరణలు. వీటితోపాటు మనిషి కూడా ఒక ప్రేరణే. పాశ్చాత్య దేశాల గణాంకాల ప్రకారం, వినోదం కోసం పర్వతాలకు వెళ్లి హిమసంపాతాల్లో మరణించిన ప్రమాదాల్లో పదింట తొమ్మిదింటిలో ఆ పలకను తెంపింది బాధితుడో, అతని బృందంలోని వారో. అంటే ఇది ఎక్కడి నుంచో వచ్చిపడిన విపత్తు కాదు. బృందం తీసుకున్న నిర్ణయం ఇందులో భాగం. అందువల్లే దీన్ని నేర్చుకుని తగ్గించవచ్చు.

గట్టిగా అరిస్తే హిమసంపాతం వస్తుందనే నమ్మకం సినిమాల వల్ల ప్రచారమైంది. మాటల శబ్దానికి ఆ శక్తి లేదు. పలక మీద పడే బరువే తెంపుతుంది.

9.5 హిమాలయాల్లో మంచు మండలాలు

పశ్చిమ హిమాలయాలకు శీతాకాలపు మంచును తెచ్చేవి మధ్యధరా ప్రాంతం నుంచి వచ్చే పశ్చిమ అలజడులు. కానీ అన్నిచోట్లా మంచు ఒకే తీరుగా ఉండదు. మంచు, హిమసంపాతాల అధ్యయన సంస్థ శాస్త్రవేత్తలు దీన్ని మూడు మండలాలుగా విభజించారు.

*దిగువ హిమాలయ మండలం:* పీర్ పంజాల్ శ్రేణి, గుల్మార్గ్, మనాలి పరిసరాలు దీనికి ఉదాహరణలు. ఇక్కడ మంచు విస్తారంగా పడుతుంది. ఉష్ణోగ్రత మరీ తక్కువ కాదు. మంచు త్వరగా సర్దుకుంటుంది. ప్రమాదం ఎక్కువగా తుఫాను సమయంలో, తరువాతి రెండు మూడు రోజుల్లో ఉంటుంది.

*మధ్య హిమాలయ మండలం:* ప్రధాన హిమాలయ శ్రేణి ప్రాంతం. చలి, హిమపాతం రెండూ మధ్యస్థంగా ఉంటాయి. కొత్త మంచు వల్ల, పాత బలహీన పొరల వల్ల కూడా ప్రమాదం ఉంటుంది.

*ఎగువ హిమాలయ మండలం:* కారకోరం, లడఖ్ ఎత్తైన ప్రాంతాలు. తీవ్రమైన చలి, పొడి మంచు, బలమైన గాలులు ఉంటాయి. దొంతర పలచగా ఉన్న చోట్ల అడుగు తుషారం బాగా పెరుగుతుంది. 9.3.1లోని మొదటి లెక్క ఇక్కడి స్థితికి దగ్గర. తుఫాను లేని రోజుల్లో కూడా ఇక్కడ ప్రమాదం పొంచి ఉంటుంది.

ఒక మండలంలో పనికొచ్చిన అనుభవాన్ని మరో మండలంలో యథాతథంగా వాడకూడదని దీన్ని బట్టి తెలుస్తుంది. 'తుఫాను తగ్గి మూడు రోజులైంది, ఇక ఫర్వాలేదు' అనే సూత్రం పీర్ పంజాల్‌లో చాలావరకు నిజం కావచ్చు, లడఖ్‌లో కాకపోవచ్చు. పీర్ పంజాల్‌లోనైనా అది హామీ కాదు. గుల్మార్గ్‌కు ఎగువన ఉన్న అఫర్వత్ వాలుల మీద 2023 ఫిబ్రవరిలో ఇద్దరు పోలండ్ స్కీయర్లు, 2024 ఫిబ్రవరిలో ఒక రష్యా స్కీయర్ మరణించారు. గొండోలా ఎక్కి కొన్ని నిమిషాల్లో పైకి చేరుకోవచ్చు. కానీ పర్యవేక్షణ ఉన్న హద్దు దాటి అడుగు వేసిన క్షణం నుంచి ఆ కొండ మనుషులు కాపలా లేని కొండే.

తూర్పున సిక్కింలోనూ ఈ ప్రమాదం ఉంది. 2023 ఏప్రిల్ 4న గాంగ్‌టక్ – నాథులా రహదారి పక్కన హిమసంపాతంలో ఏడుగురు పర్యాటకులు మరణించారు. మన రాష్ట్రాల నుంచి ఎంతోమంది వెళ్లే దారి ఇది. శీతాకాలం ముగిసిందనుకునే ఏప్రిల్‌లో ఇది జరిగిందని గమనించండి.

9.6 ప్రమాద సూచనలు – ప్రమాద స్థాయిలు

మంచు లోపలి పొర కంటికి కనపడకపోయినా కొన్ని గుర్తులు ఇస్తుంది. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా నిటారు వాలుల మీదికి వెళ్లకూడదు.

• చుట్టుపక్కల అలాంటి వాలుల మీద ఇటీవల తెగిన హిమసంపాతాలు. ఇది అన్నింటికంటే బలమైన సాక్ష్యం.
• అడుగు వేసినప్పుడు కింద మంచు కుంగి 'వుంఫ్' మని మూలిగినట్లు శబ్దం రావడం. బలహీన పొర కూలిందని దీని అర్థం.
• పాదం దగ్గర నుంచి పగుళ్లు దూరంగా పరుగెత్తడం.
• 24 గంటల్లో 30 సెం.మీ.కు మించి కొత్త మంచు పడటం, లేదా గాలి మంచును మోసుకురావడం.
• ఉష్ణోగ్రత ఒక్కసారిగా పెరగడం, మంచు మీద వాన పడటం.

చెట్లు కూడా సాక్ష్యం చెబుతాయి. దట్టమైన అడవి మధ్య పైనుంచి కిందికి చీల్చినట్లు చెట్లు లేని పట్టీ ఉంటే, కొండ వైపు కొమ్మలు విరిగిపోయి ఉంటే, అది హిమసంపాతాల దారి.

శిక్షణ పొందినవారు మంచును నిలువుగా తవ్వి పొరలను పరిశీలిస్తారు. పిడికిలి, నాలుగు వేళ్లు, ఒక వేలు, పెన్సిలు, కత్తి – వీటిలో ఏది లోపలికి దిగుతుందో చూసి ప్రతి పొర గట్టితనాన్ని నమోదు చేస్తారు. తరువాత ఒక స్తంభాన్ని వేరు చేసి, పార మీద చేతితో తట్టి, ఏ తట్టుకు ఏ పొర దగ్గర తెగుతుందో చూస్తారు. ఈ పరీక్షకు ఒక పరిమితి ఉంది. తవ్విన గుంట ఆ ఒక్క చోటు సంగతే చెబుతుంది. పది మీటర్ల అవతల దొంతర వేరుగా ఉండవచ్చు. కాబట్టి పరీక్షలో బలహీనత కనిపిస్తే వెనక్కి తిరగాలి. కనిపించనంత మాత్రాన ముందుకు వెళ్లవచ్చని కాదు.

మన దేశంలో హిమసంపాత హెచ్చరికలను రక్షణ పరిశోధన, అభివృద్ధి సంస్థకు చెందిన డీజీఆర్ఈ చండీగఢ్ నుంచి జారీ చేస్తుంది. 1969లో మనాలిలో మొదలైన మంచు, హిమసంపాతాల అధ్యయన సంస్థను 2020లో మరో ప్రయోగశాలతో విలీనం చేసి దీన్ని ఏర్పాటు చేశారు. ఐరోపాలో 1993 నుంచి అయిదు స్థాయిల కొలమానం వాడుకలో ఉంది: 1. తక్కువ, 2. మధ్యస్థం, 3. గణనీయం, 4. అధికం, 5. అత్యధికం. మరణాలు ఎక్కువగా జరిగేది 5వ స్థాయిలో కాదు, 3వ స్థాయిలో. అయిదో స్థాయి రోజున ఎవరూ బయలుదేరరు. మూడు అనేది అయిదింట్లో మధ్య అంకె కావడంతో 'ఫర్వాలేదు' అనిపిస్తుంది. కానీ ఒక స్థాయి నుంచి మరో స్థాయికి ప్రమాదం సమానంగా పెరగదు, రెట్లలో పెరుగుతుంది. 3వ స్థాయి అంటే ఒక్క మనిషి బరువుకు కూడా పలక తెగే అవకాశం ఉందని అర్థం.

9.7 మానవ కారకం

ఇంత తెలిసినవారు కూడా ఎందుకు చిక్కుకుంటారు? ఇయాన్ మెక్‌కామన్ అనే అమెరికన్ పరిశోధకుడు హిమసంపాత ప్రమాదాలను పరిశీలించి, బాధితుల్లో చాలామంది గుర్తులు కళ్లెదుటే ఉన్నా ముందుకు వెళ్లారని 2004లో చూపారు. ఆయన పేర్కొన్న మానసిక ఉచ్చుల్లో కొన్ని ఇవి.

*పరిచయం:* 'ఈ దారిలో చాలాసార్లు వచ్చాను.' వాలు మారకపోయినా దొంతర ప్రతి ఏడాదీ, ప్రతి వారం మారుతుంది.
*పట్టుదల:* 'ఇంత దూరం వచ్చాక వెనక్కి ఎలా వెళ్తాం?'
*నాయకుడి మీద నమ్మకం:* 'గైడు ఉన్నాడు, ఆయనకు తెలుసు.'
*ఇతరుల అడుగులు:* 'ముందు బృందం వెళ్లింది కదా.' ముందు వెళ్లినవారు బలహీన పొర పలచగా కప్పబడిన చోట అడుగు వేయకపోయి ఉండవచ్చు.

వీటన్నిటికీ మూలం ఒకటే. మంచు తప్పుకు వెంటనే శిక్ష వేయదు. ప్రమాదకరమైన వాలును పదిసార్లు దాటి క్షేమంగా రావచ్చు. అప్పుడు మనకు కలిగేది అనుభవం అనిపిస్తుంది, నిజానికి అది అదృష్టం. హిమసంపాతం జరగకపోవడం వాలు సురక్షితమనడానికి రుజువు కాదు.

ఇక్కడ మరో విషయం ఆలోచించండి. స్కీయర్‌కు, యాత్రికుడికి వెనక్కి తిరిగే స్వేచ్ఛ ఉంది. మాణాలోని కార్మికుడికి, సియాచిన్‌లోని సైనికుడికి ఆ స్వేచ్ఛ పరిమితం. వారి విషయంలో జాగ్రత్త అనేది శిబిరం ఎక్కడ వేయాలో, హెచ్చరిక రాగానే ఎవరిని కిందికి దించాలో నిర్ణయించేవారి బాధ్యత.

9.8 మంచులో కూరుకుపోయినవారు – రక్షణ

కదులుతున్నంతసేపూ ద్రవంలా ఉండే మంచు ఆగిన వెంటనే గట్టిపడుతుంది. లోపలున్న మనిషి తన చేతిని కూడా కదపలేడు. ఊపిరాడకపోవడం ప్రధాన మరణ కారణం. విడిచిన గాలిలోని తేమ ముఖం ముందు గడ్డకట్టి గాలిని అడ్డుకుంటుంది.

స్విట్జర్లాండ్ గణాంకాల ప్రకారం, పూర్తిగా కూరుకుపోయిన వారిని పది నిమిషాలలోపు బయటికి తీస్తే పది మందిలో తొమ్మిది మంది బతుకుతున్నారు. అరగంట అయ్యేసరికి బతికేది ముగ్గురే. ఏ హెలికాప్టరూ సాధారణంగా అంతలో రాలేదు. కాబట్టి నిజమైన రక్షక దళం పక్కనున్న సహచరులే.

ఇందుకు ప్రతి ఒక్కరి దగ్గరా మూడు వస్తువులు ఉండాలి: 457 కిలోహెర్ట్జ్ పౌనఃపున్యంపై సంకేతాలు పంపి, అందుకునే ట్రాన్స్‌సీవర్, మంచులోకి గుచ్చి చూసే ప్రోబ్ కడ్డీ, తవ్వడానికి లోహపు పార. ట్రాన్స్‌సీవర్‌ను సంచిలో కాక ఒంటికి కట్టుకోవాలి. ఈ మూడింటిలో ఏది లేకపోయినా మిగతావి చాలవు. ప్రమాదకరమైన వాలును తప్పనిసరిగా దాటాల్సి వస్తే ఒక్కొక్కరుగా దాటాలి, మిగతావారు సురక్షిత స్థలం నుంచి చూస్తూ ఉండాలి. అందరూ కలిసి దాటితే వెతకడానికి ఎవరూ మిగలరు.

2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో సుమారు 19,600 అడుగుల ఎత్తున ఉన్న స్థావరం మీద పెద్ద మంచు గోడ కూలి, మద్రాస్ రెజిమెంట్‌కు చెందిన పది మంది కూరుకుపోయారు. వారిలో కర్నూలు జిల్లాకు చెందిన సిపాయి ఒకరు. లాన్స్ నాయక్ హనుమంతప్ప కొప్పద్ ఒక్కరే ఆరు రోజుల తరువాత ప్రాణాలతో దొరికారు. ఆయన కూడా ఫిబ్రవరి 11న ఢిల్లీలో మరణించారు. ఇలాంటి అరుదైన ఉదంతాలు వెతకడం ఆపకూడదని నేర్పుతాయి. కానీ వీటిని చూసి కాలం ఉందిలే అనుకోకూడదు.

9.9 నివారణ చర్యలు

హిమసంపాతాలను పూర్తిగా ఆపలేం. ప్రారంభ మండలంలో ఉక్కు వలలు, కంచెలు కట్టి మంచును పట్టి ఉంచడం. ప్రవాహ మార్గంలో మట్టికట్టలతో దారి మళ్లించడం. రోడ్డు మీద కప్పు కట్టి మంచును పైనుంచి దాటించడం. పేలుడు పదార్థాలతో ముందుగానే చిన్నచిన్నగా జార్చడం – ఇవి వాడుకలో ఉన్న పద్ధతులు. సొరంగం అన్నింటికంటే స్థిరమైన పరిష్కారం. 2020 అక్టోబర్ 3న ప్రారంభమైన 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగం రోహ్‌తాంగ్ కనుమ కిందుగా వెళ్తూ, శీతాకాలంలో తెగిపోయే లాహౌల్‌ను మనాలితో కలిపింది. అయితే సొరంగం చేరే రోడ్లు ఇప్పటికీ హిమసంపాతాల దారుల్ని దాటవలసిందే. అడవులను కాపాడటం తక్కువ ఖర్చుతో కూడిన దీర్ఘకాలిక చర్య. దట్టమైన చెట్లు మంచును పట్టి ఉంచుతాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – II

3. గాలి చాటు వాలును ఎలా గుర్తిస్తారు?
4. ఎక్కువ మరణాలు 3వ ప్రమాద స్థాయిలో జరగడానికి కారణం ఏమిటి?

9.10 సారాంశం

హిమసంపాతం జరగడానికి పలక, బలహీన పొర, తగిన వాలు, ప్రేరణ అవసరం. బలహీన పొరలు చలి వల్ల మాత్రమే కాక, మంచు పలచగా ఉండటం వల్ల కూడా పెరుగుతాయి. మనిషి స్వయంగా ప్రేరణ కాగలడు కాబట్టి అతని నిర్ణయమే ముఖ్యమైన రక్షణ. నిర్మలమైన ఆకాశం, ముందు వెళ్లినవారి అడుగులు, ఇంతవరకు ఏమీ జరగకపోవడం – ఇవేవీ సురక్షితమనడానికి రుజువులు కావు. దొంతర చరిత్ర, వాలు కోణం, తాజా హెచ్చరిక – ఈ మూడింటినీ కలిపి చూడాలి.

9.11 నమూనా సమాధానాలు

1. మొదటిది ఒక బిందువు దగ్గర మొదలై వెడల్పవుతుంది. రెండోది అతుక్కున్న పొర మొత్తంగా అడ్డగీతలో తెగి జారుతుంది.
2. 12 ÷ 0.8 = మీటరుకు 15 డిగ్రీలు. 10 డిగ్రీలు దాటింది కాబట్టి బలహీనపడుతుంది.
3. మంచు చూరు ఏ వైపు వేలాడుతుందో ఆ వైపు గాలి చాటు వాలు.
4. ఈ స్థాయిలో జనం బయలుదేరడం మానరు, మధ్య అంకె కావడంతో ప్రమాదాన్ని తక్కువగా అంచనా వేస్తారు. నిజానికి ఒక్క మనిషి బరువుకు కూడా పలక తెగవచ్చు.

9.12 పదకోశం

*మంచు దొంతర:* శీతాకాలమంతా పడిన మంచు పొరల అమరిక.
*అడుగు తుషారం:* నేల దగ్గర పెరిగే, పంచదారలా రాలే కోణాల స్ఫటికాల పొర.
*ఉష్ణోగ్రతా ప్రవణత:* దొంతరలో మీటరు మందానికి ఉన్న ఉష్ణోగ్రతా భేదం.
*మంచు చూరు:* శిఖర రేఖ అంచున గాలి వల్ల ముందుకు పెరిగిన మంచు.
*నిక్షేప మండలం:* జారిన మంచు వచ్చి ఆగే ప్రాంతం.

9.13 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. మంచు దొంతరలో బలహీన పొరలు ఏర్పడే విధానాన్ని ఉదాహరణలతో వివరించండి.
2. పశ్చిమ హిమాలయాల మంచు మండలాలను పోల్చి, వాటిలో ప్రమాదం ఎలా మారుతుందో చర్చించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. హిమసంపాత ప్రమాదాల్లో మానవ కారకం పాత్ర ఏమిటి?
2. సహచరుల రక్షణకు అవసరమైన పరికరాలు, పాటించవలసిన నియమాలు తెలపండి.
3. మంచు తక్కువగా పడిన సంవత్సరంలో ప్రమాదం తక్కువనే అభిప్రాయం సరైనదేనా? చర్చించండి.